చిన్న మోరల్ ఉండే కత చెప్పు

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి మా ఇంట్లో ఒక దొంగపని జరిగేది. మావాడి స్కూల్ డైరీ వెనకపక్క 'రీడింగ్ లాగ్' అని ఒక పట్టిక ఉంటుంది. తేదీ, పుస్తకం పేరు, ఎన్ని నిమిషాలు చదివాడు, తల్లిదో తండ్రిదో సంతకం. రోజూ ఇరవై నిమిషాలు చదివించాలని రూలు. వాడు చదివేదీ లేదు, నేను చదివించేదీ లేదు. ఆదివారం రాత్రి కూర్చుని వారం సంతకాలన్నీ ఒకేసారి కొట్టేసేదాన్ని. టీచరుకు అనుమానం రాకుండా పెన్నులు మార్చేదాన్ని. రెండు రోజులకు నల్లది, మూడు రోజులకు నీలంది, ఒకరోజుకి జెల్ పెన్ను. జిరాక్స్ అంగడి పెట్టుకున్నదాన్ని, పెన్నులకేం కొదవ!

ఆ పట్టిక టైపు చేసి, కాపీలు తీసి స్కూలుకి పంపింది కూడా నేనే. బిల్లు ఇంకా రావాలి, అది వేరే సంగతి.

మా అంగడి తిరుపతిలో, బాలాజీ కాలనీ పక్క. యూనివర్సిటీ దగ్గర కాబట్టి గిరాకీ ఎక్కువ పిల్లకాయలదే. రెండు జిరాక్స్ మిషన్లు, ఒక కలర్ ప్రింటరు, లామినేషన్, స్పైరల్ బైండింగ్. తెలుగు డీటీపీ నేనే చేస్తాను. హాల్ టికెట్ల కాలం ఒకటి, రికార్డుల కాలం ఒకటి. మధ్యలో మూడు వందల రూపాయల దర్శనం టికెట్ల ప్రింటౌట్లు ఎటూ ఉంటాయి. మార్చి వచ్చిందంటే ప్రాజెక్టు రిపోర్టులు. ఎనభై పేజీలు, నాలుగు కాపీలు, నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు. పదకొండేళ్లలో ఎన్ని వందల రిపోర్టులు కుట్టించానో లెక్క లేదు. అందులో ఒక్కటైనా ఎవరైనా చదివారా అంటే నాకు నమ్మకం లేదు. పోయినేడాది రిపోర్టు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, "పేరు మార్చండక్కా, చాలు" అనే వాళ్లే సగంమంది.

రాసిపెట్టినంత మాత్రాన ఎవరో చదువుతారని ఏముందిలే. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి కొండమీద గుళ్లో దాచిపెడితే, పోయిన శతాబ్దంలో బయటికి తీసేదాకా నాలుగొందల ఏళ్లు అరలోనే ఉన్నాయి. అంతటి ఆయనకే తప్పలేదు.

నేను చెప్పబోయేది మావాడి సంగతి. పుస్తకం అంటే దూరం జరిగేవాడు ఇప్పుడు దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాడు. దానికి నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. ఒక ఫ్యాను చేసింది, కొంత మా అత్త చేసింది. నేను చేసిందల్లా ఒక పని మానుకోవడం.

మొదట్లో నేను చేసిన తప్పులు చెప్తాను. వాడికి ఐదేళ్లప్పుడు ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాల సెట్టు ఒకటి తెప్పించాను. పెట్టె నిండా చిన్న చిన్న పుస్తకాలు, పన్నెండు వందల రూపాయలు. వాడు పుస్తకాలన్నీ మంచం మీద కుమ్మరించి, పెట్టెను ఆర్టీసీ బస్సు చేసుకున్నాడు. ఆ బస్సు అలిపిరి నుంచి పైకి పోతుంది, మంచం దిగి ఘాట్ రోడ్డులో కిందికి వస్తుంది. పుస్తకాలు ప్యాసింజర్లు. నాకు కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే, అప్పటికి పుస్తకాలు వాడి ఆటలోకి వచ్చాయి కదా, ఊరుకోవాల్సింది.

ఆ తర్వాత తెలుగులో నీతికథల పుస్తకాలు తెచ్చాను. రాత్రి పక్కన పడుకోబెట్టుకుని చదివేదాన్ని. బాగానే వినేవాడు. కథ అయిపోగానే నేను అడిగేదాన్ని, "ఇప్పుడు చెప్పు, ఈ కతలో మోరల్ ఏంటి?" నా చిన్నప్పుడు మా అయ్యవారు అట్లనే అడిగేవాడు, నాకు అదొక్కటే తెలుసు. నాలుగు రోజులు చెప్పాడు. తర్వాత వాడికి కిటుకు తెలిసిపోయింది. మోరల్ చెప్తే కథ అయిపోతుంది, అమ్మ వదిలేస్తుంది. అన్ని కథలకూ "అబద్ధం ఆడకూడదు" అని చెప్పడం మొదలుపెట్టాడు. తాబేలు కొంగల కథకూ అదే, సింహం కుందేలు కథకూ అదే. నిజానికి ఆ కుందేలు అబద్ధం ఆడే బతికింది!

ఒకరోజు పుస్తకం తీస్తుంటే అడిగాడు.

"అమ్మా, ఈ కతకి మోరల్ పెద్దదా, చిన్నదా?"

"ఏంటికిరా?"

"చిన్న మోరల్ ఉండే కత చెప్పు. నాకు నిద్దరొస్తాంది."

అప్పటికి నవ్వాను. మా ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆయన యాత్రికులకు కారు తోలతాడు, ఆ రాత్రి శ్రీకాళహస్తి బాడుగలో ఉన్నాడు. ఆయనా నవ్వాడు. పడుకున్నాక మాత్రం నాకు నవ్వు రాలేదు. సినిమా చూసి బయటికి వచ్చేవాళ్లను గేటు దగ్గర ఆపి, నీతి చెప్పి కదలండి అంటే, రెండోసారి ఎవరైనా సినిమాకి వస్తారా? నేను రోజూ రాత్రి గేటు దగ్గర నిలబడ్డాను. ఆ రోజు నుంచి అడగడం మానేశాను. అడక్కుండా ఉండటం ఎంత కష్టమో మానాక తెలిసింది. కథ అయిపోయాక నోట్లో మాట ఆడుతూ ఉంటుంది, మింగెయ్యాలి.

అయితే మానేస్తే వెంటనే చదివేశాడా అంటే, లేదు. వినేవాడు, అంతే. సొంతంగా చదవడం పోయిన వేసవిలో మొదలైంది.

ఎండాకాలం సెలవులు. మావాడు పొద్దున్నించీ అంగట్లోనే. ఒక అంగన్‌వాడీ ఆమె పెన్‌డ్రైవ్‌లో పిల్లల కథల పుస్తకాలు తెచ్చింది. ఒక్కోటి పదహారు పేజీలు, పదిహేను కాపీలు కావాలంది. ఏ4 కాగితం మధ్యకు మడిస్తే ఒక వైపు రెండు పేజీలు, వెనక రెండు పేజీలు పడతాయి. నాలుగు కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి మడిస్తే పదహారు పేజీల పుస్తకం. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. మడత విప్పి చూస్తే పేజీలు వరసలో ఉండవు. మొదటి కాగితం మీద 16, 1 పక్కపక్కన. దాని వెనక 2, 15. రెండో కాగితం మీద 14, 3. మడిస్తేనే కథ కుదురుతుంది.

ఆరోజు మార్జిన్ సరిగ్గా పెట్టక అడుగున పేజీ నంబర్లు తెగిపోయాయి. సరే, వరసలోనే ఉన్నాయి కదా, మడిచేద్దాంలే అనుకుని బల్ల మీద పెట్టాను. కరెంటు పోయింది. కౌంటరు దగ్గర దర్శనం టికెట్ల వాళ్లు పదిమంది. అరగంటకి కరెంటు వచ్చింది, రావడం రావడం ఫ్యాను ఐదో నంబరులో తిరిగింది. మొదటి పుస్తకానివి అరవై కాగితాలు అంగడంతా ఎగిరిపోయాయి. కొన్ని రోడ్డు మీదికి పోతే ఆటో అతను పట్టుకొచ్చి ఇచ్చాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. కౌంటరు వదల్లేను. మావాడికి చెప్పాను, "రేయ్, అవన్నీ ఏరి వరసగా పెట్టురా."

కాసేపటికి వచ్చాడు ఒక కాగితం పట్టుకుని. "అమ్మా, ఈ కాయితం తప్పు. ఈపక్క మేకపిల్ల బస్సులో ఉంది. ఈపక్క చూస్తే ఇంటికాడ కట్టేసుంది. బస్సులో ఉండే మేక ఇంటికాడ ఎట్లుంటుంది?"

అది సంతకు పోయిన మేకపిల్ల కథ. వాడి చేతిలో ఉంది 14, 3. నాకు చెప్పే ఓపిక లేదు. ఎదురుగా ఒకాయన ఆధార్ నంబరు ఒక్కో అంకె చెప్తున్నాడు. "నాకు తెలీదు నాయనా, నువ్వే చదివి చూసుకో" అన్నాను. బోధనా పద్ధతి అనుకోవద్దు, విసుగు.

ముప్పావు గంట వాడి సద్దు లేదు. తొంగి చూస్తే కింద బండల మీద బోర్లా పడుకుని, నాలుగు కాగితాలు ముందర పెట్టుకుని, పెదాలు కదుపుతున్నాడు. వేలు ఒక్కో అక్షరం మీద పోతోంది. ఒక కాగితం తీసి ఇటు తిప్పుతాడు, మడుస్తాడు, విప్పుతాడు. తర్వాత లేచి వచ్చి మడిచిన పుస్తకం కౌంటరు మీద పెట్టాడు. "వచ్చింది."

తీసి చూస్తే లోపలి కాగితం తిరగబడింది. అది చెప్పబోయాను. ఒప్పుకోలేదు. చదివి వినిపిస్తా విను అని, కస్టమర్ల ముందరే గట్టిగా చదివాడు. "మేకపిల్ల తాడు కొరికింది." పేజీ తిప్పాడు. అక్కడ ఆగాడు. తాడు కొరికిన తర్వాతి బొమ్మలో మెడకు తాడు ఉంది. ఒక నిమిషం దాన్నే చూశాడు. "ఆ, ఇది తప్పే" అని, కాగితం లాగి తిప్పి పెట్టి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఆధార్ ఆయన కూడా చివరిదాకా నిలబడి విన్నాడు.

మావాడు నేను అడక్కుండా ఒక వాక్యం చదవడం అదే మొదలు. మిగతా పద్నాలుగు పుస్తకాలు కూడా వాడే సర్దాడు. పద్నాలుగు సార్లు అదే కథ. మూడో పుస్తకానికే చూడకుండా చెప్పేస్తున్నాడు, అయినా వేలు మాత్రం అక్షరాల మీదే పెట్టాడు.

ఆ తర్వాత మిషన్ దగ్గర వేస్టు డబ్బా వాడి లైబ్రరీ అయింది. ఇంకు సరిగ్గా పడనివి, వంకరపోయినవి, ఒక వైపే ప్రింటు అయినవి అందులో పడేస్తాం. అందులో కథల కాగితాలు దొరికితే ఏరుకుంటాడు. సగం పేజీ దొరుకుతుంది. పులి నోరు తెరిచి ఉంటుంది, అంతే, తర్వాతి కాగితం ఉండదు. "అమ్మా, ఆ పులి ఏం చేసింది?" నాకేం తెలుసు! మొత్తం పుస్తకం చేతిలో పెడితే పక్కన పారేసేవాడు, సగం కాగితం చేతికొస్తే మిగతా సగం కోసం నా ప్రాణం తీస్తాడు.

ఇది నాకు కొత్త సంగతి అయి ఉండకూడదు. నేను చదువు నేర్చుకున్నది కూడా చిరిగిన కాగితాలతోనే.

మాది చిత్తూరు పక్క పల్లె. మా నాయన మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. తోతాపురి కాయల కాలం, రెండు మూడు నెలలు. మిగతా కాలమంతా ఏ పని దొరికితే అది. చిత్తూరులో పాత పేపర్ల అంగట్లో తూకానికి పాత చందమామలు కొనుక్కొచ్చేవాడు. అట్టలు ఉండవు, చివరి పేజీలు ఉండవు. మామిడి గుజ్జు అంటిన వేళ్లతో పట్టుకునేవాడేమో, కొన్ని పుటలు అంటుకుపోయి ఉండేవి, వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది, నాగిరెడ్డి, చక్రపాణి పెట్టారు. అది ఆగిపోయి కూడా పదేళ్లు దాటింది. దాని గొప్పతనం గురించి చాలామంది రాశారు, నేను ఒక్క సంగతే చెప్తాను. బేతాళ కథ ప్రతి నెలా ఒకేలా మొదలవుతుంది. విక్రమార్కుడు చెట్టు దగ్గరికి రావడం, శవాన్ని దించి భుజాన వేసుకోవడం, శ్మశానం వైపు నడవడం, శవంలోని బేతాళుడు మాట్లాడటం. మా నాయన ఐదో తరగతి వరకే చదివాడు. వేలు పెట్టి, ఒక్కో మాట గట్టిగా, బస్సులో కండక్టరు ఊళ్ల పేర్లు చెప్పినట్టు చదివేవాడు. ఆ మొదటి పేరా నాకు చదవడం రాకముందే కంఠతా వచ్చేసింది. ఒకరోజు నాయన లేనప్పుడు పుస్తకం తెరిచి, నోటికి వచ్చిన మాటలను కాగితం మీది అక్షరాలకు ఒక్కోటే తగిలించుకుంటూ పోయాను. ఏ మాట ఎక్కడ ఉందో నాకు ముందే తెలుసు, అక్షరం ఏదో పోల్చుకోవడమే. అట్లా వచ్చింది నాకు చదువు.

చివరి పేజీ చిరిగిపోతే విక్రమార్కుడి జవాబు పోయేది. బేతాళుడు ప్రశ్న అడుగుతాడు, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది, అక్కడితో మా పుస్తకం అయిపోతుంది. అప్పుడు నేనూ నాయనా జవాబు చెప్పుకునేవాళ్లం. ఆయన ఒకటంటాడు, నేనొకటంటాను. ఎవరిది సరైందో ఈరోజుకీ తెలియని కథలు ఉన్నాయి. నాయన ఏ రోజూ మోరల్ అడిగినట్టు నాకు గుర్తు లేదు.

ఇక అక్షరాల సంగతి. మావాడిది ఇంగ్లిష్ మీడియం. తెలుగు రోజుకొక పీరియడ్. వాచకం తెరిస్తే 'అ' అంటే 'అమ్మ', 'ఇ' అంటే 'ఇల్లు'. 'అ' నేర్చుకునే పిల్లోడికి మొదటి మాటలోనే ఒత్తు! వాడికి మ కింద మ ఒత్తు అర్థం కావాలంటే ఇంకో ఏడాది పడుతుంది. బొమ్మ చూసి అమ్మ అని చెప్తాడు, మనం చదివాడని మురిసిపోతాం. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ పూర్తయ్యాకే కథ చేతికివ్వాలంటే పిల్లోడికి ఆశ చచ్చిపోతుంది. ఇంగ్లిష్‌లో ఇరవైయారు అక్షరాలు అయిపోగానే బొమ్మల పుస్తకం తెరవొచ్చు. మనకు ఒక్క 'క' కే ఒక వరస గుణింతం, దాని మీద ఒత్తులు. అందుకే మనవాళ్లకు వెనక ముందు అవుతుంది, అది వాళ్ల మొద్దుతనం కాదు. ఒక్క మాట నాలుగుసార్లు వచ్చే కథలు ఇస్తే ఆ మాటలోని ఒత్తు దానంతటదే పట్టుబడుతుంది. 'ఝ', 'ఞ' ఎప్పుడో వస్తాయిలే, వాటితో ఇప్పుడేం తొందర.

డీటీపీ చేసేదాన్ని కాబట్టి ఇంకొకటి చెప్పాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పిల్లల తెలుగు పుస్తకాల్లో సగం అచ్చువేసే తీరులోనే చెడిపోతాయి. కాగితం మిగలాలని వరసల మధ్య జాగా తగ్గిస్తారు. ఇంగ్లిష్‌కి అది సరిపోతుంది. తెలుగులో పై వరస ఒత్తు కిందికి దిగుతుంది, కింది వరస గుడి పైకి లేస్తుంది, రెండూ గుద్దుకుంటాయి. 'రాష్ట్రం' లాంటి మాట వచ్చిందంటే దాని ఒత్తులు కింది వరస నెత్తిన ఎక్కి కూర్చుంటాయి. పెద్దవాళ్లం మనం అలవాటుగా దాటిపోతాం. ఏడేళ్ల పిల్లోడు అక్కడ ఆగిపోతాడు, ఏ ఒత్తు ఎవరిదో తేల్చుకోలేడు. ఇంకొకటి, వరస చివర మాటను ఎక్కడపడితే అక్కడ విరిచేస్తారు. 'మేకపి' అని ఈ వరసలో, 'ల్ల' అని కింద. వాడు 'మేకపి' అంటే ఏమిటని అడిగితే ఏం చెప్పాలి? నేను మావాడికి టైపు చేసేటప్పుడు 24 పాయింట్ల అక్షరం, వరసకు వరసకు మధ్య 40 పాయింట్లు పెడతాను. మాట విరగనివ్వను. పేజీకి తక్కువ వరసలే పడతాయి, పడనీ.

ఆ అంగన్‌వాడీ ఆమె తెచ్చిన కథలు ఎక్కడివో అడిగి తెలుసుకున్నాను. స్టోరీవీవర్ అని, ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టిన సైటు. తెలుగుతో పాటు చాలా భాషల్లో కథలున్నాయి. డబ్బు కట్టక్కర్లేదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద పెట్టారు, అంటే రాసినవాళ్ల పేరూ బొమ్మలేసినవాళ్ల పేరూ ఉంచి ఎవరైనా ప్రింటు తీసుకోవచ్చు. జిరాక్స్ అంగడి వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కొత్త పుస్తకం తెచ్చి మొత్తం తీసివ్వమనేవాళ్లు రోజుకొకరైనా వస్తారు, లేదని పంపించడం ఒక తలనొప్పి. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. కథలు నాలుగు మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టులో కథంతా కలిపి రెండొందల యాభై మాటల లోపే. మావాడు ఇప్పుడు రెండో మెట్టు మీద ఉన్నాడు, రోజు బాగలేకపోతే మొదటిదానికి దిగుతాడు. దిగితే దిగనీ అంటాను.

ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లకు పని ఇంతే. నిలువు పేజీల పుస్తకం చూసి డౌన్‌లోడ్ చేసుకోండి. ప్రింటు ఇచ్చేటప్పుడు బుక్‌లెట్ అని ఉంటుంది, అది నొక్కండి. నలుపు తెలుపులో నాలుగు కాగితాలు, పదీ పదిహేను రూపాయల్లో అయిపోతుంది. బొమ్మలకు రంగులు పిల్లలే వేసుకుంటారు, కలర్ ప్రింటు కంటే అదే నయం. అడ్డం పేజీల పుస్తకమైతే మడవద్దు, రెండు పేజీలు పైనా కిందా వేసి, మధ్యకు కోసి, పక్కన పిన్నులు కొట్టండి. మడిచిన పుస్తకానికి మధ్యలో పిన్ను కొట్టాలంటే మామూలు స్టేప్లరు అందదు. స్టేప్లరు విప్పదీసి, పుస్తకం కింద థర్మాకోల్ ముక్క పెట్టి గుచ్చి, వెనక్కి తిప్పి పిన్ను కాళ్లు చెంచాతో వంచెయ్యండి. చిన్నపిల్లలకు పిన్నులు వద్దనుకుంటే దారం.

దారం పని మా అత్తది. ఆమె పూలు కడుతుంది, వేళ్లలో ఆ నేర్పు ఉంది. దబ్బనంతో మూడు రంధ్రాలు పొడిచి, తెల్లదారం రెండు పేటలు వేసి, మధ్యలోంచి మొదలుపెట్టి మధ్యలోనే ముడేస్తుంది. నేను కొట్టే పిన్నులు ఊడతాయి, ఆమె కుట్లు ఊడవు. ఆమెకు అక్షరం రాదు. మొదటి పుస్తకం కుట్టినప్పుడే మావాణ్ని అడిగింది, "ఇంత కుడతా ఉండాను, ఇందులో ఏముందో చెప్పవా అబ్బోడా?"

వాడు మేకపిల్ల కథ చదివాడు. అయిపోయాక ఆమె అడిగింది, "బస్సులో ఆ మేకకి టికెట్టు ఎవురు తీసినారు?"

వాడు బిత్తరపోయాడు. ఆ సంగతి పుస్తకంలో లేదు. మళ్లీ మొదటి నుంచి వెతికాడు. టికెట్టు లేదు, కండక్టరు బొమ్మ మాత్రం ఉంది. "అవ్వా, కండక్టరు చూసుకోలా. సీటు కింద దాంకునింది" అన్నాడు. ఆమె ఊరుకోదు. "మేక ఊరుకుంటుందా, అరవదా?" ఇద్దరూ గంటసేపు దాని మీదే. నేను వంటింట్లో దోసె తిప్పుతూ విన్నాను. నేను ఏడాదిపాటు రోజూ ప్రశ్నలడిగి వాడి నోరు మూయించాను. ఆమె నిజంగా తెలీక అడిగింది.

ఇప్పుడు రోజూ రాత్రి అవ్వకు చదివి వినిపిస్తాడు. ఆమె మధ్యలో నిద్రపోతుంది, వాడికి ఒళ్లు మండుతుంది. లేపి మళ్లీ అదే పేజీ చదువుతాడు. తప్పులు చదువుతాడు, నేను సరిచెయ్యను. అంటే, చెయ్యకుండా ఉండటానికి పళ్లు బిగబట్టి కూర్చుంటాను. మొన్న 'మేకపిల్ల కొండ ఎక్కింది' అనే చోట 'కుండ ఎక్కింది' అని చదివాడు. తిరుపతిలో పుట్టి కొండను కుండ అంటాడా అని నోటిదాకా వచ్చింది. వాడే రెండు మాటలు ముందుకు పోయి ఆగాడు. "అవ్వా, మేక కుండ ఎక్కడమేంది?" అని వెనక్కి వచ్చి చూసుకున్నాడు. కొమ్ముకూ ఒత్వానికీ తేడా వాడు ఇక మర్చిపోడు.

లైబ్రరీ గురించి కూడా చెప్పాలి. అంగట్లో ఇంటి పన్ను రసీదులు ప్రింటు తీస్తుంటాను, అందులో లైబ్రరీ సెస్ అని ఒక వరస ఉంటుంది. పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. ఇంతమంది కడుతున్నారు కదా, చూసొద్దామని ఒక గ్రంథాలయానికి వాణ్ని తీసుకుపోయాను. మొదటిసారి శుక్రవారం, సెలవు. రెండోసారి తెరిచే ఉంది, లోపలంతా పోటీ పరీక్షలకు చదివే పిల్లకాయలు, సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. పిల్లల పుస్తకాలు అద్దాల బీరువాలో ఉన్నాయి, తాళం ఉంది, తాళంచెవి ఉన్నాయన లేడు. మావాడు అద్దానికి ముక్కు ఆనించి, కనపడినంత వరకు పుస్తకాల వీపుల మీది పేర్లు చదివి వచ్చాడు. మూడోసారి తాళంచెవి దొరికింది. ఉన్నవి మంచి పుస్తకాలే, చేయి పడక కొత్తగా ఉన్నాయి.

అంగట్లో కౌంటరు కింద ఇప్పుడు ఒక అట్టపెట్టె ఉంది. తప్పు ప్రింటులు బాగుచేసి కుట్టినవి ఓ ముప్పై పుస్తకాలు. పెద్దవాళ్ల పని అయ్యేదాకా పిల్లలు తీసి చూసుకుంటారు. కొందరు అడిగి తీసుకుపోతారు, కొన్ని తిరిగొస్తాయి, నూనె మరకలతో, మీసాలు గీసిన రాజుల బొమ్మలతో. మొన్నటి నెల కాంచీపురం నుంచి వచ్చిన వాళ్లు దర్శనం టికెట్ల కోసం నిలబడ్డారు, సర్వర్ పడిపోయింది. వాళ్ల పాపకి ఆరేళ్లుంటాయి, ఏడుపు మొదలుపెట్టింది. మావాడు పెట్టెలోంచి పుస్తకం తీసి ఇచ్చాడు. తెలుగు, ఆ పిల్లకు రాదు. బొమ్మలు చూసి నాలుగో పేజీ దగ్గర వాళ్లమ్మను ఏదో అడిగింది. ఆ కథే సైటులో తమిళంలో ఉందేమో చూశాను, ఉంది. ప్రింటు తీసి మడిచి ఇచ్చాను. వాళ్లమ్మ అక్కడే మెట్ల మీద కూర్చుని చదివింది, మావాడు తన తెలుగు కాపీ తెరిచి పక్కనే కూర్చుని, ఆమె పేజీ తిప్పినప్పుడల్లా తనూ తిప్పాడు. ఈ ఊర్లో చాలా బోర్డులు రెండు మూడు భాషల్లో ఉంటాయి కదా, అప్పటి నుంచి వాడు తమిళ బోర్డుల మీద 'అ' కోసం వెతుకుతున్నాడు.

మా పెద్దది ఎనిమిదో తరగతి. దానికి ఈ అదృష్టం పట్టలేదు. దాని చిన్నప్పుడు అంగడి కొత్త, అప్పుల కాలం, కథ చెప్పే తీరిక నాకు లేదు. ఇప్పుడు పొద్దున స్కూలు, సాయంత్రం ఫౌండేషన్ కోర్సు, రాత్రి హోంవర్కు. పుస్తకం ఇస్తే "ఇది ఎగ్జామ్‌కి ఉందా?" అంటుంది. తమ్ముడు అవ్వకు చదువుతుంటే మాత్రం తలుపు దగ్గరికి వచ్చి నిలబడుతుంది, నేను చూస్తే పోతుంది. అందుకని చూడటం మానేశాను.

ఈ ఆదివారం రీడింగ్ లాగ్ బయటికి తీశాను. ఇప్పుడు నిమిషాలు రాసే పని మావాడిదే. సోమవారం ఐదు నిమిషాలు, మంగళవారం సున్నా, బుధవారం 'చాలా'. పుస్తకం పేరు దగ్గర మూడు రోజులు వరసగా 'అట్ట లేదు' అని రాశాడు. వేస్టు డబ్బాలో దొరికినదాని పేరు వాడికి మాత్రం ఎట్లా తెలుస్తుంది. పోయిన వారం పేజీలో టీచరు దాని పక్కన ఎర్ర ఇంకుతో పెద్ద ప్రశ్న గుర్తు పెట్టింది. మావాడు దాని కింద పెన్సిలుతో జవాబు రాశాడు, ఒత్తు ఒకటి తప్పు: 'దొరికితే చెప్తా టీచర్'.

నీలం పెన్నుతో సంతకం పెట్టి, డైరీ బ్యాగులో పెట్టేశాను.